సెంగోర్ గురించి మీరడిగినవి

పోయిన నెల ఒక పాఠకుడు "దేశాన్ని ఏలుతూ కవిత్వం రాసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడమ్?" అని అడిగితే, పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ దేశపు తొలి అధ్యక్షుడు లెయొపోల్డ్ సెదార్ సెంగోర్ పేరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. చోటు లేక అలా చేశాను. తర్వాత వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూశాక ఈ నెల శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేశాను. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఫ్రెంచి పాఠం చెప్పాను. మా సిలబస్‌లో పారిస్ కవులే తప్ప ఆఫ్రికా కవి ఒక్కడూ ఉండేవాడు కాదు. ఆ బాకీ ఇన్నాళ్ళకి కొంత తీర్చుకుంటున్నాను.

ప్రశ్న: చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకుంటున్నాను మేడమ్. సెంగోర్ గురించి వెతికితే పుట్టిన తేదీ, పోయిన తేదీ, పదవులు తప్ప ఏమీ దొరకలేదు. అసలు ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఎలాంటి మనిషి?
– గ్రూప్స్ అభ్యర్థి, హైదరాబాద్

జవాబు: ఊరి దగ్గర మొదలుపెడదాం బాబూ. పరీక్షలో ఊరి గురించి అడగరు కానీ ఆయన కవిత్వం మొత్తం ఆ ఊళ్ళోనే ఉంది. రాజధాని డకార్‌కి దక్షిణాన సముద్రం ఒడ్డున జొవాల్ అని చేపలు పట్టుకునే ఊరు. పక్కనే ఫాదియూత్ అనే చిన్న దీవి ఉంటుంది. తరతరాలుగా పోగైన ఆల్చిప్పల మీదే ఆ దీవిలో ఇళ్ళు కట్టుకున్నారు. 1906 అక్టోబర్ 9న జొవాల్‌లో సెంగోర్ పుట్టాడు. తండ్రి బాజిల్ జొగోయ్ సెంగోర్ పల్లీల వ్యాపారి. బాగా ఉన్నవాడు. ఇంటి నిండా భార్యలు, పిల్లలు. తల్లి న్యిలాన్ బఖూమ్. వాళ్ళది సెరెర్ తెగ. సెదార్ అంటే ఆ భాషలో 'ఎవరూ అవమానించలేని వాడు' అని అర్థం చెబుతారు.

చిన్నప్పుడు ఎక్కువగా తల్లి వాళ్ళ ఊరు జిలోర్‌లో మేనమామ వాలీ దగ్గర పెరిగాడు. సెరెర్‌లలో తల్లి వైపు చుట్టరికానికి, అందులోనూ మేనమామకి చాలా విలువ. ఈ సంగతి మనకి వేరే వివరించక్కర్లేదు. మామ వెంట మందల దగ్గర తిరగడం, చుక్కల పేర్లు తెలుసుకోవడం, కాపర్ల పాటలు వినడం, ఇదే ఆ పిల్లాడి లోకం. ఇలా తిరిగితే చెడిపోతాడని తండ్రి ఏడేళ్ళప్పుడు పట్టుకొచ్చి మిషన్ స్కూల్లో వేశాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత పారిస్‌లో కూర్చుని ఆయన ఆ మామని పిలుస్తూ రాస్తాడు: "టొకో వాలీ, మామా, ఆ రాత్రులు గుర్తున్నాయా? ఓర్పుగల నీ వీపు మీద నా తల బరువెక్కేది." నేను ఈ పాదం దగ్గర ఆగకుండా ఎప్పుడూ ముందుకి వెళ్ళలేదు. వీపుకి ఓర్పు ఏమిటి అని వ్యాకరణం అడగొచ్చు. నిద్ర ముంచుకొస్తున్న పిల్లాణ్ణి వీపున వేసుకుని పొలం గట్ల మీద నడిచిన వాళ్ళని అడిగితే చెబుతారు.

తర్వాత పాదిరీ అవుదామని డకార్ సెమినరీలో చేరాడు. మీ వాళ్ళు అనాగరికులు అన్న మాటకి ఎదురుచెప్పాడు. నీకిది పనికిరాదని పంపించేశారు. 1928లో స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్ళాడు. అక్కడ లూయీ-ల్-గ్రాన్ అనే పేరున్న లైసేలో (హైస్కూల్లో) తోటి విద్యార్థి జార్జ్ పాంపిదూ, తర్వాత ఫ్రాన్స్ అధ్యక్షుడైనవాడే. 1935లో వ్యాకరణంలో 'అగ్రెగాసియోఁ' అనే కఠినమైన పోటీ పరీక్ష గెలిచాడు. దాన్ని గెలిచిన తొలి ఆఫ్రికన్ ఆయనే. వెంటనే తూర్ పట్టణంలో ఉద్యోగం. వలస రాజ్యం నుంచి వచ్చిన నల్ల కుర్రాడు ఫ్రెంచి పిల్లలకి వాళ్ళ ఫ్రెంచే నేర్పాడు, లాటిన్, గ్రీకు కూడా నేర్పాడు. పోటీ పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాడివి కాబట్టి చెబుతున్నాను, ఆయన ఒకసారి తప్పి రెండోసారి రాసి గెలిచాడు.

పదవుల జాబితా నువ్వెలాగూ చదివే ఉంటావు. 1945లో ఫ్రెంచి పార్లమెంటుకి సెనెగల్ తరఫున ఎన్నిక. 1948లో సోషలిస్టు పార్టీ వదిలి సొంత పార్టీ. ఖాకీ బట్టల్లో పల్లెపల్లెకీ తిరిగాడు, గుడిసెల్లో పడుకున్నాడు. అత్యధికులు ముస్లింలైన దేశంలో క్యాథలిక్ అయిన ఆయన మరబూలు అనే మతపెద్దల మద్దతు సంపాదించాడు. 1960 సెప్టెంబర్ నుంచి 1980 డిసెంబర్ 31 దాకా అధ్యక్షుడు. ఎవరూ దించకుండానే తనే రాజీనామా చేసి కుర్చీ దిగాడు. 1983లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికయ్యాడు, ఆఫ్రికన్లలో మొదటివాడు. 2001 డిసెంబర్ 20న పోయాడు.

ప్రశ్న: నేను నల్లగా ఉంటాను. మూడు సంబంధాలు ఆ మాట మీదే వెనక్కి పోయాయి. 'నల్లని స్త్రీ' అని ఆయన కవిత రాశారని విన్నాను. నీగ్రిట్యూడ్ అంటే అదేనా? చదివితే నాకు ధైర్యం వస్తుందా మేడమ్?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మియాపూర్

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆదివారం పేపర్లో పెళ్ళి ప్రకటనల పేజీ తీస్తే 'తెలుపు' అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో నాకు తెలుసు. మా ఇంట్లోనే పసిపిల్ల పుడితే ముందు చెవి వెనక రంగు చూసిన పెద్దవాళ్ళున్నారు.

ఆ కవిత 1945లో వచ్చిన ఆయన తొలి సంపుటిలో ఉంది. 'నీ రంగే నీ బట్ట, ఆ రంగే ప్రాణం' అన్న భావంతో మొదలవుతుంది. పండి రసం నిండిన పండులా, దూరాన సవానా గడ్డిమైదానంలా, బిగించిన డోలులా ఆ నలుపుని వర్ణిస్తాడు. నల్లగా 'ఉన్నా' అందంగా ఉందని ఒక్కచోట కూడా అనడు. మన సినిమా పాటల్లో నలుపుని మెచ్చుకున్నప్పుడల్లా ఆ 'అయినా' ఎక్కడో తొంగి చూస్తుంది. ఇందులో ఆ మాటే లేదు.

నీగ్రిట్యూడ్ ఈ ఒక్క కవితకంటే పెద్ద సంగతి. 1930ల్లో పారిస్‌లో ముగ్గురు కుర్రాళ్ళు కలిశారు. సెనెగల్ నుంచి సెంగోర్, మార్తినీక్ దీవి నుంచి ఎమే సెజేర్, ఫ్రెంచి గయానా నుంచి లెయోఁ దమా. ముగ్గురి చేతికీ ఫ్రెంచి చదువు వచ్చింది. ముగ్గుర్నీ వీధిలో 'నెగ్ర్' అని పిలిచేవాళ్ళు. అది తిట్టు. ఆ తిట్టునే తీసుకుని సెజేర్ 'నీగ్రిట్యూడ్' అన్న మాట చేశాడు. అవును, మేము నల్లవాళ్ళమే, మాకూ పాట ఉంది, పద్ధతి ఉంది, చరిత్ర ఉంది అని. మనకిది కొత్త కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక, ఎవరి నోటనో తిట్టుగా వచ్చిన 'మాదిగ' అన్న మాటని పేరు చివర తలెత్తుకుని పెట్టుకున్నవాళ్ళని మనం చూశాం. నా క్లాసులో ఒక అబ్బాయి అటెండెన్స్ రిజిస్టర్‌లో తన పేరు పక్కన ఆ మాట రాయమని అడిగిన రోజే నాకు నీగ్రిట్యూడ్ బాగా అర్థమైంది.

రెండో పక్క కూడా నీకు చెప్పాలి. 'భావోద్వేగం నల్లవాడిది, తర్కం గ్రీకుది' అన్న అర్థం వచ్చే మాట సెంగోర్ 1939లో రాశాడు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. వలసదొర చెప్పిన మాటనే పూలదండ వేసి తిరిగి చెప్పినట్టుంది. పులి తన పులితనం గురించి చాటింపు వేసుకోదని నైజీరియా రచయిత వోలే సొయింకా చురక వేశాడు. 'నల్లని స్త్రీ'లో ఆ స్త్రీ ఒక్కమాట కూడా మాట్లాడదని ఆఫ్రికా స్త్రీలే అడిగారు. సరైన ప్రశ్నే అది.

చదివితే ధైర్యం వస్తుందా అన్నావు. ఒకసారి పైకి చదువు, మనసులో కాదు. నాకు వచ్చింది. నేనూ నీ రంగే.

ప్రశ్న: యుద్ధంలో ఖైదీగా ఉండి కవిత్వం రాసిన మనిషి, అధికారంలోకి వచ్చాక తన స్నేహితుణ్ణే జైల్లో పెట్టాడట. నిజమేనా? నిజమైతే ఆ కవిత్వాన్ని మేమెందుకు చదవాలి?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, నల్లకుంట

జవాబు: నిజమేనండీ. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నన్ను పట్టి కుదిపింది ఇదే. మొదటి ఖైదు సంగతి ముందు చెబుతాను, రెండోది ఆ తర్వాత.

1940 జూన్ 20. లువార్ నది ఒడ్డున లా షారితే అనే ఊరు. ఫ్రెంచి సైన్యంలో మామూలు సిపాయిగా ఉన్న సెంగోర్ జర్మన్లకి పట్టుబడ్డాడు. జర్మన్లు తెల్ల సిపాయిల్ని వేరు చేసి, నల్లవాళ్ళని గోడకి ఆనించి నిలబెట్టారు. కాల్చబోతున్నారని వాళ్ళకి అర్థమైంది. "ఫ్రాన్స్ వర్ధిల్లాలి, నల్ల ఆఫ్రికా వర్ధిల్లాలి" అని అరిచారు. అప్పుడొక ఫ్రెంచి అధికారి అడ్డుపడ్డాడు. ఇది మీ సైన్యం పరువుకి మచ్చ అని జర్మన్లకి నచ్చజెప్పి ఆపాడు. సెంగోర్ తనే తర్వాత చెప్పిన సంగతి ఇది. ఆపైన 1942 మొదట్లో జబ్బుచేసి విడుదలయ్యేదాకా పోయిటియర్స్ లాంటి చోట్ల శిబిరాల్లో ఉన్నాడు. అక్కడే జర్మన్ మెరుగుపరచుకుని గోథేని మూలంలో చదివాడు. తనని గోడకి నిలబెట్టినవాళ్ళ భాషలోని మంచి కవిని వెతుక్కుని చదివాడు.

ఆ శిబిరాల కవితలు 1948లో పుస్తకంగా వచ్చాయి. మొదటి కవితలోనే ఫ్రాన్స్ గోడల మీది 'బనానియా నవ్వుల్ని' చించేస్తానంటాడు. బనానియా అంటే కోకో పొడి. మన ఇళ్ళల్లో బోర్న్‌వీటా డబ్బా ఎలాగో అక్కడ అది అలాగ. ఆ డబ్బా మీద ఎర్ర టోపీ పెట్టుకుని పళ్ళికిలించే నల్ల సిపాయి బొమ్మ ఉండేది. ఫ్రాన్స్ కోసం చచ్చిపోయినవాళ్ళని ఫ్రాన్స్ గుర్తుపెట్టుకున్నది ఆ డబ్బా మీదే. అదే పుస్తకంలో చియారోయ్ మీద కవిత ఉంది. జర్మన్ శిబిరాల నుంచి బతికి వచ్చిన ఆఫ్రికా సిపాయిలు రావలసిన జీతం అడిగితే, 1944 డిసెంబర్ 1న డకార్ దగ్గరి చియారోయ్ శిబిరంలో ఫ్రెంచి సైన్యమే వాళ్ళ మీద కాల్పులు జరిపింది. అప్పటి అధికార లెక్క 35 మంది. చరిత్రకారులు ఇంకా చాలా ఎక్కువంటారు.

ఇంత తెలిసిన మనిషి. ఇక మమదూ దియా. స్కూలు మాస్టారు, సెంగోర్ పార్టీ పెట్టిన రోజు నుంచి పక్కన నడిచినవాడు. స్వాతంత్ర్యం వచ్చాక సెంగోర్ అధ్యక్షుడు, దియా ప్రధాని. పల్లీల వ్యాపారంలో దళారుల్ని తప్పించి రైతు సహకార సంఘాలు పెట్టాలని దియా పట్టుదల. దేశం మొత్తం పల్లీల మీదే బతుకుతోంది కాబట్టి ఆ పని ఎంతమందికి కంటగింపు అయి ఉంటుందో అనంతపురం మార్కెట్ యార్డు తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. 1962 డిసెంబర్‌లో శాసనసభలో దియా మీద అవిశ్వాసం పెట్టారు. డిసెంబర్ 17న దియా జాందార్మ్‌లనే సాయుధ పోలీసుల్ని పంపి సభ భవనం ఖాళీ చేయించాడు. సభ్యులు స్పీకర్ లమీన్ గేయ్ ఇంట్లో కూర్చుని అవిశ్వాసం నెగ్గించారు. సైన్యం సెంగోర్ వైపు నిలబడింది. మర్నాడు దియా అరెస్టు. కుట్ర కేసు. 1963లో యావజ్జీవం. దేశానికి ఆగ్నేయ మూలన, మండిపోయే ఎండల కెదుగూలో నిర్బంధం. ఆయనతోపాటు శిక్ష పడిన మంత్రుల్లో ఇబ్రహీమా సార్ ఒకడు. 1947లో డకార్–నైజర్ రైలు కార్మికుల సమ్మె నడిపించినవాడు. ఐదు నెలలకి పైగా సాగిన సమ్మె అది. ఆయనకి ఇరవై ఏళ్ళు.

దియా బయటికొచ్చింది 1974లో. పదకొండేళ్ళు దాటాక. కళ్ళు దాదాపు పోయాయి.

సభలోకి పోలీసుల్ని పంపడం దియా తప్పే. అది నేను దాచను. కానీ తప్పు చేసిన సహచరుణ్ణి పదవి నుంచి దించడం వేరు, పదకొండేళ్ళు ఎండలో కుళ్ళబెట్టడం వేరు. ముళ్ళకంచె లోపల రాత్రి ఎంత పొడుగో తెలిసిన మనిషి ఆ పని చేశాడన్నది నాకు మింగుడుపడదు. ఇంకా ఉన్నాయి. 1966 నాటికి ఒకే పార్టీ మిగిలింది. 1973లో ఒమార్ బ్లోన్‌దాఁ ద్యోప్ అనే 26 ఏళ్ళ విద్యార్థి నాయకుడు గోరే దీవి జైల్లో చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు. ఇంట్లోవాళ్ళు ఏనాడూ నమ్మలేదు. సెంబెన్ ఉస్మాన్ తీసిన 'సెద్దో' సినిమాని ఆపారు. చెప్పిన కారణం, పేరులో 'ద'కి ఒత్తు ఉండకూడదట. అధ్యక్షుడు వ్యాకరణ పండితుడు కదా, అక్కడ ఎక్కువమంది మాట్లాడే వోలోఫ్ భాషలో మాటలు ఎలా రాయాలో ప్రభుత్వ ఉత్తర్వే ఉంది. అరసున్నకీ బండి ఱకీ మనవాళ్ళూ కొట్లాడుకున్నారు కానీ వాటి పేరు చెప్పి ఎవరి నోరూ మూయలేదు. భాష మీద ప్రేమతో బతికిన నాకు ఈ ఒత్తు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

మరి ఎందుకు చదవాలి అన్నారు. మా పై పోర్షన్‌లో రెండేళ్ళు ఒక సెనెగల్ కుర్రాడు అద్దెకుండేవాడు. ఇక్కడ తార్నాకలో ఇఫ్లూలో, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో చదువుకునేవాడు. నన్ను 'ఆంటీ' అనేవాడు. ఒక ఆదివారం మా వంటింట్లో వాళ్ళ మాఫే వండిపెట్టాడు. పల్లీలు వేయించి, ముద్దగా నూరి, టమాటా వేసి, మాంసంతో మెల్లగా ఉడికించే పులుసు. నూనె పైకి తేలేదాకా మూత తీయనివ్వలేదు. వాసన అచ్చం మన మిర్చీ కా సాలన్‌ది. అది ఉడుకుతున్నంతసేపూ సెంగోర్ కవితలు అప్పజెప్పాడు. స్కూల్లో కంఠస్థం చేయించారట. నేను మురిసిపోయి, మీ ఇంట్లో ఆయన ఫోటో ఉందా అని అడిగాను. గరిటె తిప్పడం ఆపి "లేదు ఆంటీ. మా తాత గోడ మీద మమదూ దియా ఫోటో ఉంది. తాత సహకార సంఘంలో గుమాస్తా" అన్నాడు. మళ్ళీ గరిటె అందుకుని, ఆపిన పాదం దగ్గర్నుంచే కవిత అందుకున్నాడు.

నాకు తెలిసిన జవాబు ఆ కుర్రాడు చేసిందే. గోడ మీద దియా ఫోటో తీయలేదు, నోట్లో సెంగోర్ కవిత ఆపలేదు. మీరూ చదవండి. చదివేటప్పుడు కెదుగూని మర్చిపోకండి. చియారోయ్ కవిత చదువుతూ 'ఇది రాసిన చెయ్యే కదా అది' అని అడుగుతూనే ఉండండి. నేను అలాగే చదువుతున్నాను, ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

ఆయన పక్షాన చెప్పాల్సింది కూడా చెబుతాను. 1974లో దియాని వదిలిన ఏడాదే అబ్దులాయ్ వాద్‌కి ప్రతిపక్షం పెట్టుకోనిచ్చాడు. 1976లో మూడు పార్టీలకి దారి ఇచ్చాడు. చుట్టూ ఉన్న దేశాల్లో తుపాకులు కుర్చీలు మారుస్తున్న కాలంలో, 74 ఏళ్ళకి రాజీనామా కాగితం తనే రాసి, ప్రధాని అబ్దూ ద్యూఫ్‌కి అప్పగించి వెళ్ళాడు. పట్టుబడిన జూన్ 20కి సరిగ్గా ఇరవై ఏళ్ళకి, 1960 జూన్ 20న ఆయన దేశం మాలీ సమాఖ్యలో భాగంగా స్వతంత్రమైంది. ఆ రోజు ఆయనకి ఆ గోడ గుర్తొచ్చి ఉంటుందని నా నమ్మకం.

ప్రశ్న: ఆయన్ని మన పీవీ గారితో పోల్చవచ్చా?
– పాఠకుడు, హనుమకొండ

జవాబు: బహుభాషలు, సాహిత్యాభిమానం వరకు పోల్చవచ్చు. పీవీ 'వేయిపడగలు'ని హిందీలోకి 'సహస్రఫణ్'గా తెచ్చారు. ఆపైన పోలిక సాగదు. పీవీ తన రచనని రాజకీయానికి కాస్త దూరంగా ఉంచుకున్నారు. సెంగోర్ కవిత్వాన్నే రాజ్యవిధానం చేశాడు. 1966లో డకార్‌లో ప్రపంచ నల్లజాతి కళల తొలి ఉత్సవం జరిపించాడు.

ప్రశ్న: తెలుగుకీ ఆఫ్రికా భాషలకీ చుట్టరికం ఉందని సెంగోర్ నమ్మేవారని మా సర్ చెప్పారు. నిజంగా ఉందా?
– తెలుగు ఉపాధ్యాయురాలు, సంగారెడ్డి

జవాబు: నమ్మేవాడు. గట్టిగా నమ్మేవాడు. ద్రావిడులూ నల్ల ఆఫ్రికన్లూ ఒకప్పుడు దగ్గరివాళ్ళని ఆయన అభిప్రాయం. డకార్ విశ్వవిద్యాలయంలో భారత–ఆఫ్రికా అధ్యయన శాఖ పెట్టించాడు. 1974లో మద్రాసు వచ్చి తమిళ పరిశోధకుల ముందు ఈ సంగతే మాట్లాడాడు. తర్వాత తుళు నిఘంటువుకి సంపాదకుడైన యు.పి. ఉపాధ్యాయ డకార్‌లో పనిచేసి, ద్రావిడ భాషల్నీ అక్కడి భాషల్నీ పోల్చి చూశారు.

భాషాశాస్త్రం మాత్రం ఒప్పుకోలేదమ్మా. రెండు మాటలు ఒకలా వినిపిస్తే చాలదు. ధ్వనులు మారిన తీరులో క్రమం కనపడాలి, అది వందల మాటల్లో నిలబడాలి. మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఉస్మానియాలో పిల్లలకి నూరిపోసింది ఇదే. ద్రావిడ భాషలకి బయటి కుటుంబాలతో చుట్టరికం ఇంతవరకు రుజువు కాలేదు. సెంగోర్ది చుట్టాలు కావాలన్న ఆశ. ప్రపంచం చిన్నచూపు చూసినవాడు తనలాంటి రంగున్నవాళ్ళని దూరదేశంలో వెతుక్కున్నాడు. ఆ ఆశ అంటే నాకు గౌరవం. పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం దాన్ని నిరూపణ అని చెప్పకండి.

ప్రశ్న: సెనెగల్ జాతీయగీతం ఆయనే రాశారా? అందులో ఏముంటుంది?
– 8వ తరగతి విద్యార్థిని, ఉప్పల్

జవాబు: ఆయనే రాశారు బంగారూ. బాణీ ఎర్బేర్ పెపేర్ అనే ఫ్రెంచాయనది. "మీ కోరాలు మీటండి, బలఫోన్లు మోగించండి" అని మొదలై, ఎర్ర సింహం గర్జించిందని సాగుతుంది. బలఫోన్ అంటే చెక్కపలకల వాద్యం. కోరా అంటే పెద్ద బుర్రని సగానికి కోసి, పైన తోలు బిగించి, పొడవాటి కర్ర గుచ్చి, 21 తీగలు కట్టిన వాద్యం. వాయించేవాళ్ళు గ్రియోలు. రాజుల, వంశాల కథలు పాడేవాళ్ళు. సెంగోర్ చాలా కవితల పైన 'కోరాతో పాడాలి' అని రాసేవాడు. తన ఊళ్ళో మల్లయోధుల కోసం పాటలు కట్టిన మరోన్ అనే ఆమెని తన గురువుల్లో ఒకరిగా చెప్పుకునేవాడు.

మన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య తాత 12 మెట్ల కిన్నెర వాయించగా చూశావా? పద్మశ్రీ వచ్చింది ఆయనకి. దానికీ ఎండిన బుర్రలే. మా పైపోర్షన్ కుర్రాడికి ఫోన్‌లో వినిపిస్తే కళ్ళు మూసుకుని వేళ్ళతో గాల్లో మీటాడు.

ప్రశ్న: ఇంగ్లిష్‌లో ఏది చదవాలి?
– పలువురు

జవాబు: మెల్విన్ డిక్సన్ అనువదించిన సంపూర్ణ కవితల సంపుటి. 1991లో వచ్చింది. ముందు ఇంగ్లిష్, వెనకాల ఫ్రెంచి మూలం ఉంటుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నాకు ఒక ఫ్రెంచి ప్రతి అట్ట లేకుండా దొరికింది. ఓపికగా వెతికితే మీకూ ఏదో ఒకటి దొరుకుతుంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి బైక్ యాక్సిడెంట్‌లో పోయి రెండేళ్ళయింది. మీరు పోయిన నెల రాసిన పెద్దాయనకి కూడా కొడుకు పోయాడని మా అమ్మాయి నెట్‌లో చూసి చెప్పింది. ఆయన ఎలా తట్టుకున్నారు?
– ఒక తల్లి, అల్వాల్

జవాబు: అమ్మా, తట్టుకున్నాడని నేను చెప్పలేను.

కుర్చీ దిగి ఐదు నెలలు గడిచాయి. ఇక ప్రశాంతంగా రాసుకోవచ్చనుకున్న సమయం. 1981 జూన్‌లో చిన్నకొడుకు ఫిలిప్-మగిలెన్ డకార్‌లో కారు ప్రమాదంలో పోయాడు. రెండో భార్య కొలెత్‌కి ఒక్కడే బిడ్డ. ఇరవై రెండు దాటిందో లేదో. రెండేళ్ళకి, 1983లో, మొదటి భార్య కొడుకుల్లో ఒకడైన గీ కూడా పోయాడు. అదే ఏడాది ఫ్రెంచి అకాడమీ గౌరవం వచ్చింది. ఆ రెండు కబుర్లూ ఒకే ఇంట్లో ఎలా ఇమిడాయో ఊహించలేను.

ఫిలిప్ కోసం ఆయన పొడవాటి ఎలిజీ, అంటే శోకగీతం, రాశాడు. అంత విశ్వాసం ఉన్న క్యాథలిక్ అందులో దేవుడితో తగవు పడతాడు, మళ్ళీ ఆ దేవుడి ముందే మోకరిల్లుతాడు. నేర్చుకున్న ఛందస్సులన్నీ అక్కడ తడబడతాయి. నాకు ఆ తడబాటే ఎక్కువ నిజంగా వినిపిస్తుంది.

ఆ తర్వాత భార్య సొంత ప్రాంతం నార్మండీలో, వెర్సోఁ అనే చిన్న ఊళ్ళో ఉండిపోయాడు. అక్కడే 95 ఏళ్ళకి పోయాడు. శవాన్ని డకార్ తీసుకొచ్చారు. ఫ్రెంచి భాషకి అంత చేసిన మనిషి అంత్యక్రియలకి ఫ్రాన్స్ అధ్యక్షుడు రాలేదు, ప్రధాని రాలేదు. "నాకు సిగ్గుగా ఉంది" అని వాళ్ళ రచయిత ఎరిక్ ఓర్సెనా పేపర్లో రాశాడు. సెంగోర్‌ని బెల్-ఎయిర్ శ్మశానంలో కొడుకు పక్కనే పెట్టారు. ఇరవై ఏళ్ళు కొడుకు ఒక్కడే ఉన్న చోటు అది.

మీరు ఉత్తరంలో మీ అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరమని, ఉల్లిపాయ పకోడీ అంటే ప్రాణమని రాశారు. పేరు రాయలేదు. ఈసారి రాసినప్పుడు పేరు కూడా రాయండమ్మా.